ఈరన్న చేతికి సర్జనును వెతికిన సంగతి

అనంతపురంలో ఒక ప్రభుత్వాసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరాను, అక్కడే రిటైరయ్యాను. ఆ పొడుగాటి పేరుకు నోరు తిరగక రోగులు నన్ను "చేతులు గుంజే మేడం" అనేవాళ్ళు. కాళ్ళూ నడుములూ కూడా గుంజాను గానీ వాటికి పేరు రాలేదు.

కొత్తగా ఈ చదువు పూర్తిచేసినవాళ్ళు ఈమధ్య మా ఇంటికి వచ్చి సలహాలు అడుగుతున్నారు. ఏ మిషన్లు కొనాలి, క్లినిక్కు ఏ రోడ్డులో పెడితే నడుస్తుంది, ఇలాంటివి. అవి నాకు తెలియవు. నాకు ప్రమోషన్లు ఎలా వచ్చాయో చెప్పమని ఒకమ్మాయి అడిగింది. ఆ కథ చెప్తే ఆమెకూ నిద్రొస్తుంది, నాకూ నిద్రొస్తుంది. నేను చెప్పగలిగింది ఒక్క చెయ్యి గురించి. దాన్ని నెలల తరబడి పట్టుకుని కూర్చున్నాను, దానికోసం ఊళ్ళు తిరిగాను, చివరికి కాపాడలేకపోయాను.

బాగై ఇంటికి పోయినవాళ్ళ కథలు కూడా నా దగ్గర చాలా ఉన్నాయి. అవి రాయాలనిపించడం లేదు. మనసు బరువెక్కడం ఇష్టం లేనివాళ్ళు ఇక్కడే ఆపేయొచ్చు, నేనేమీ అనుకోను.

ఇరుకు సందు

ఈరన్నది కంబదూరు దగ్గర ఒక పల్లె. ముప్పై దాటిన మనిషి, గట్టి ఒళ్ళు. బోర్లలోంచి మోటార్లు ఎత్తడం అతని పని. మా వైపు నీళ్ళు కిందికి పోయినప్పుడల్లా మోటారును పైకి లాగి, ఇంకో రెండు పైపులు కలిపి మళ్ళీ దించాలి. బోరు మీద మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి చైను కప్పీతో పైపు తర్వాత పైపు లాగుతారు. ఒకడు పానాతో విప్పుతాడు, ఇంకొకడు ఆ పైపును భుజాన వేసుకుని పక్కకు మోస్తాడు. ఈరన్న రెండు పనులూ చేసేవాడు. చేతులు పొద్దంతా తలకన్నా ఎత్తులోనే ఉండేవి, కుడి భుజం మీద ఎప్పుడూ ఇనుమే ఉండేది. వాన రాని ఏడాది ఊరంతా దిగులుగా కూర్చుంటే ఈరన్నకు మాత్రం అన్నం తినే తీరిక ఉండేది కాదు.

మా గదికి మొదటిసారి మెడపట్టీ వేసుకుని వచ్చాడు. వెనకే భార్య సుంకమ్మ.

"ఏమైందప్పా?" అన్నాను.

"చెయ్యి తిమ్మిరి పడతాండాది మేడమ్మా. పైకెత్తితే వేళ్ళు తెల్లగయితాయి. పానా పట్టుకుంటే నాకు తెలీకుండానే జారిపోతాండాది. మొన్న కిందుండేవాని తలకాయ పగిలేది, తప్పిపాయ."

"చొక్కా గుండీలు గూడా నేనే పెడతాండా," అంది సుంకమ్మ. "అడిగితే సిగ్గని చెప్పుకోడు. మీరన్నా చెప్పండి ఆయప్పకు."

అప్పటికే అతను తిరగని చోటు లేదు. ఊళ్ళో సూదిమందు వేసేవాడు నరాల బలహీనత అని బలానికి సూదులు వేశాడు. ఇంకెవరో గాలి పట్టిందన్నారు. పక్క ఊళ్ళో ఒకాయన భుజం మీద వాత పెట్టాడు, ఆ మచ్చ గుండ్రంగా నల్లగా ఉంది. పట్నంలో ఒక డాక్టరు మెడ ఎముకలు అరిగాయని ఆ పట్టీ ఇచ్చాడు. నేను కూడా మెడ సంగతే అనుకుని మా పెద్ద సారు దగ్గరికి పంపాను.

పెద్ద సారు అంటే మా ఎముకల డాక్టరు. కోపం ముక్కు మీదే ఉండేది. ఎక్స్‌రే సరిగా తీయకపోతే ఆ ఫిల్ము గాల్లో ఎగిరేది. ఆయన ఈరన్న బొటనవేలి మొదట్లో కండ గుంట పడడం చూశాడు, చెయ్యి పైకెత్తించి నాడి పట్టి చూశాడు, మెడ ఎక్స్‌రే మళ్ళీ తీయించి లైటు మీద పెట్టి నన్ను పిలిచాడు.

"చూడమ్మా, ఈ పక్క మెడకాడ ఒక పక్కటెముక ఎక్కువుండాది. పుట్టుకతోనే ఉండాది. ఇన్నేళ్ళు ఊరికే ఉన్నది ఆ పైపులు మోసి మోసి ఇప్పుడు పీక మీదికి తెచ్చుకున్నాడు."

ఆ జబ్బు పేరు థొరాసిక్ ఔట్‌లెట్ సిండ్రోమ్. పేరు భయపెడుతుంది గానీ సంగతి చిన్నదే. మెడ నుంచి చేతికి పోయే నరాలు, రక్తనాళాలు అన్నీ కాలర్ ఎముకకూ మొదటి పక్కటెముకకూ మధ్య ఉన్న ఒక సందులోంచి పోవాలి. కొందరికి ఆ సందు ఇరుకవుతుంది. కళ్యాణదుర్గం బస్టాండు గేటులో ఒకేసారి రెండు బస్సులు దూరినట్టు నరమూ నాళమూ అక్కడ ఇరుక్కుంటాయి. చాలామందికి కత్తి అక్కర్లేదు. బరువులు మానిపించి, భుజాన్ని సరిగా నిలబెట్టడం నేర్పించి, ఓపిగ్గా వ్యాయామాలు చేయిస్తే సర్దుకుంటుంది. ఈరన్నకూ నెలలపాటు అదే చేయించాను. నొప్పి కొంచెం తగ్గింది గానీ గుంట పెరిగింది. వేళ్ళు చల్లబడడం ఎక్కువైంది. కండ అలా కరిగిపోతుంటే ఇంక వ్యాయామం అంటూ కూర్చోకూడదు, ఆపరేషను చేసి ఆ ఎముక తీయాలి.

చేసినవాడు

"మీరే చేసేయండి సార్," అన్నాను పెద్ద సారుతో, ఈరన్న ముందే.

ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. "నేను చెయ్యనమ్మా. ఇది నాకు రాదు. ఆడుండే నరాలు, ఆడుండే రక్తనాళం, ఒక వెంట్రుకవాసి పక్కకు పోతే చెయ్యే పోతాది. ఈ జిల్లాలో ఎవరూ చేసినట్టు నేను వినలేదు. చేసినవాన్ని వెతుకు. చేస్తానన్నవాడు వద్దు, చేసినవాడు కావాల."

నా ఉద్యోగం మొత్తంలో "నాకు రాదు" అని ఒక పెద్ద డాక్టరు రోగి ముందు చెప్పడం నేను విన్నది అతి తక్కువసార్లు. ఆయనతో నేను ఎన్నోసార్లు పోట్లాడాను, నా సెలవులు కత్తిరించాడని ఇంట్లో తిట్టుకున్నాను. ఆ ఒక్క మాటకు మాత్రం ఈరోజుకీ దణ్ణం పెడతాను.

వెతకడం నా నెత్తిన పడింది. ఫోనులో వెతికితే బెంగళూరులో ఆసుపత్రులన్నీ ఈ ఆపరేషను చేస్తామనే అంటున్నాయి. ప్రతి ఆసుపత్రీ లోకంలో ఉన్న జబ్బుల పేర్లన్నీ తన పేజీలో రాసుకుంటుంది, ఆ సంగతి నాకు తర్వాత అర్థమైంది. పైగా ఈ జబ్బు ఎవరిదో ఎవరికీ తెలియదు. నరాల సర్జను దగ్గరికి పోతే ఛాతీ సర్జనుకు చూపించమన్నాడు. ఛాతీ సర్జను రక్తనాళాల డాక్టరుకు రాశాడు. ఆయనేమో ఇది నరాలది, అక్కడికే పొండి అన్నాడు. సెలవు దొరికినప్పుడల్లా నేనూ వాళ్ళతో పోయేదాన్ని. ఒక్కొక్క చోట పొద్దున్నుంచి కూర్చుని టోకెను పట్టుకుని లోపలికి పోతే, తలుపు మూసుకునేలోగా బయటికి వచ్చేసేవాళ్ళం. డబ్బు సంగతి ఇక్కడ రాయను, అది ఎలాగో సర్దుబాటయింది. సర్దుబాటు కానిది కాలం. మేము ఒక్కో గడప దిగుతుంటే అతని చేతిలో కండ అంత తగ్గేది.

మళ్ళీ ఒక ఛాతీ సర్జను దొరికాడు, చేస్తానన్నాడు. చాలా పెద్ద ఆసుపత్రి, అద్దాల గది. పెద్ద సారు మాట గుర్తుపెట్టుకుని నేను అడిగాను, "సార్, ఈ ఆపరేషను మీరు ఇంతకుముందు ఎన్ని చేశారు?"

ఆయన కలం కింద పెట్టాడు. "ఈవిడెవరు?" అన్నాడు ఈరన్న వైపు చూసి, కన్నడంలో. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. నమ్మకం లేనివాళ్ళు ఇక్కడికి రాకూడదని నర్సుతో చెప్పించాడు.

బయట వరండాలో ఈరన్న ముఖం చిన్నబోయింది. "ఎందుకు మేడమ్మా అట్ల అడిగినారు? పాపం, సారు చేస్తానన్న్యాడు గదా."

"ఎన్ని చేసినాడో తెలీకుండా నీ మెడ ఆయన చేతికిస్తావా?"

"డాక్టర్ను అట్ల అడగరు మేడమ్మా," అన్నాడు, నాకు మర్యాద నేర్పిస్తున్నట్టు.

అడగకూడని మాట

అతన్ని ఏమని తప్పుపట్టను? మా ఇంట్లోనూ అంతే. మా నాయనది కళ్యాణదుర్గంలో కిరాణా అంగడి. చింతపండు బుట్ట దింపితే నాలుగు చోట్ల గిల్లి నోట్లో వేసుకుని చూసేవాడు. ఎక్కడి సరుకు, ఎప్పటిది, ఇంకెవరికి వేశావు అని దబాయించి గానీ తూకానికి పెట్టనిచ్చేవాడు కాదు. అదే మనిషి కంటి ఆపరేషనుకు పోయి డాక్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏమడిగినావు నాయనా అంటే, "అడిగేదేముండాదే, ఆయప్ప హస్తవాసి మంచిదని ఊరంతా చెప్తాండారు," అన్నాడు.

హస్తవాసి అనేది అబద్ధమని నేను అనను. ఒకే పనిని వేలసార్లు చేసిన చెయ్యి నిజంగానే మంచిదవుతుంది. అలాంటి చేతులను నేను చూశాను, వాటి కింద కుట్టు కూడా అందంగా పడుతుంది. కానీ మనవాళ్ళు దాన్ని దేవుడిచ్చిన వరంలా చూస్తారు. ఒక డాక్టరు చేతిలో ఒకరి హెర్నియా బాగైతే, ఆ చేతిలో అందరివీ, అన్నీ బాగవుతాయని నమ్ముతారు. వరం అనుకున్నాక లెక్క అడగడం తప్పు అవుతుంది. అడిగితే ఆ చెయ్యి అలుగుతుందని భయం. ఈ భయం చదువుకున్నవాళ్ళలోనూ ఉంది. మా ఆసుపత్రిలో నర్సులు సొంత బిడ్డల ఆపరేషన్లకు కూడా ఇలాగే పోయేవాళ్ళు.

అన్నీ చెప్పిన డాక్టరమ్మ

చివరికి దొరికింది. పెద్ద సారుతో కలిసి చదువుకున్న ఒకాయన ద్వారా తెలిసింది. తమిళనాడులో ఒక పట్టణం, రైల్లో చాలా దూరం. యాభై దాటిన డాక్టరమ్మ, పొట్టి మనిషి, తమిళం కలిసిన తెలుగు మాట్లాడింది. ఈరన్న చేతులు రెండూ పైకెత్తించి పిడికిలి మూసి తెరవమని, వద్దనేదాకా చేయించింది. చెయ్యి కింద ఉన్నప్పుడు ఒకసారి, పైకెత్తినప్పుడు ఒకసారి రక్తం ఎలా పోతోందో పరీక్ష చేయించింది. నన్ను కూర్చోబెట్టి ఏ వ్యాయామాలు చేయించానో, ఎన్నాళ్ళు చేయించానో అడిగింది. అన్నాళ్ళలో ఏ సర్జనూ నన్ను ఆ మాట అడగలేదు.

నేను గుండె గట్టి చేసుకుని నా ప్రశ్న అడిగాను. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. ఎన్నేళ్ళుగా చేస్తోందో, ఏడాదికి సుమారు ఎందరికి చేస్తుందో చెప్పింది. వచ్చినవాళ్ళలో చాలామందికి ఆపరేషను అక్కర్లేదని వెనక్కి పంపుతానంది. తర్వాత ఈరన్న వైపు తిరిగి నెమ్మదిగా చెప్పుకొచ్చింది. "అందరికీ బాగవలేదు తంబీ. ఒకాయనకు మంట పోలేదు. ఒకామెకు ఊపిరితిత్తి పక్కన గాలి చేరి ఎక్కువ దినాలు పడుకుంది. అక్కడ చేతి నరాలుంటాయి, తగిలితే కష్టం. పోయిన కండ మొత్తం తిరిగి రాదు. ఇంకా పోకుండా ఆపుదాం."

నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఇదిగో, ఈమె కోసమే కదా ఇన్నాళ్ళు తిరిగాం అనుకున్నాను. ఆమె తారీఖు ఇచ్చింది, మంచం ఉంచుతానంది. తిరుగు రైల్లో నేను ఎంతో తేలిగ్గా ఉన్నాను. ఈరన్న కిటికీలోంచి బయటికి చూస్తూ ఉన్నాడు.

"ఏమప్పా, మాట్లాడవు?"

"ఆయమ్మే చెప్తాండాది గదా మేడమ్మా, బాగుకానోళ్ళు ఉండారని."

"నిజం చెప్పింది ఈరన్నా. అందరి దగ్గరా బాగుకానివాళ్ళు ఉంటారు. ఆమె దాచలేదు."

"కత్తి పెట్టకముందే అన్నీ చెడ్డమాటలే చెప్పె," అన్నాడు. నేను చాలాసేపు నచ్చజెప్పాను. తల ఊపాడు. అది ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

ఏం కాదు పోరా

డాక్టరమ్మ ఇచ్చిన రోజు మధ్యాహ్నం ఆ ఆసుపత్రి నుంచి నాకు ఫోను వచ్చింది. మంచం ఖాళీగా ఉంది, మీ మనిషి రాలేదు అన్నారు. రైలు ఆలస్యమై ఉంటుందని చెప్పి ఈరన్నకు ఫోను చేశాను. సుంకమ్మ ఎత్తింది.

"యాడున్నారు సుంకమ్మా? రైలు దిగలేదా?"

"ఆపరేషను అయిపాయ మేడమ్మా. నిన్ననే అయిపాయ." గొంతులో సంతోషం. "ఈడనే, మన సారు దగ్గర."

మన సారు అంటే అనంతపురంలోనే సొంత నర్సింగ్ హోము ఉన్న సర్జను. కడుపు ఆపరేషన్లకు పేరున్న మనిషి. ఆ పేరు ఊరికే వచ్చింది కాదు. సుంకమ్మ తండ్రికి అపెండిక్సు పగిలి చావుబతుకుల్లో ఉంటే పండగ పూట ఇంట్లోంచి లేచి వచ్చి బతికించాడు. ఆ ఇంట్లో ఆయన మాట వేదం. తమిళనాడు పోయే ముందు ఒకసారి కాగితాలు చూపించి ఆశీర్వాదం తీసుకుందామని పోయారు. ఆయన ఎక్స్‌రే చూసి, "దీనికి అంత దూరం ఎందుకురా? ఒక ఎముక, అంతేగదా. ఏం కాదు పోరా, నేనుండా," అన్నాడట. ఏం కాదు అనే ఆ ఒక్క మాట కోసం ఆ కుటుంబం ఎన్ని నెలలుగా ఎదురుచూసిందో నాకు అప్పుడు తెలిసింది. అంతమంది డాక్టర్లలో ఆ మాట చెప్పినవాడు ఆయనొక్కడే.

డాక్టరమ్మ ఆసుపత్రికి ఫోను చేసి, మంచం ఇంకెవరికైనా ఇవ్వమన్నాను.

కట్టు విప్పాక నా దగ్గరికి తీసుకొచ్చారు. ఈరన్న కుడి భుజం కిందికి జారి ఉంది. చెయ్యి ఎత్తమంటే మెడ ఎత్తుతున్నాడు, నడుము వంచుతున్నాడు, చెయ్యి మాత్రం కదలడం లేదు. లోపల నిప్పులు పోసినట్టు మంట అన్నాడు. అదనపు ఎముక కొంత తీశారు, కొంత అలాగే ఉంది. తీసేటప్పుడు నరాలు దెబ్బతిన్నాయి.

పెద్ద సారు చూశాడు. ఈసారి ఏ ఫిల్మూ ఎగరలేదు. "రోజూ రమ్మను. కీళ్ళు బిగుసుకోకుండా చూడు," అని తన గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. డాక్టరమ్మకు కాగితాలు పంపించాను. ఇంత ఆలస్యమయ్యాక, ఇలా అయ్యాక, తను పెద్దగా చేయగలిగింది లేదని ఆమె ఎంతో మర్యాదగా చెప్పింది.

నేను ఆ నర్సింగ్ హోము సర్జను దగ్గరికి పోయాను. కొట్లాడడానికే పోయాను. ఆయన అబద్ధమాడలేదు. "పక్కటెముకే గదా అనుకున్న్యానమ్మా. పుస్తకం తీసి చదువుకునే పొయినా. లోపలికి పోయినాక గానీ తెలీలే," అన్నాడు. మొదటిదా అంటే మొదటిదే అన్నాడు. నాకు వచ్చిన కోపం ఎటు పోవాలో తెలియక నాలోనే ఉండిపోయింది. చెడ్డవాడైతే తిట్టి వచ్చేదాన్ని. రాత్రీ పగలూ లేకుండా జనాన్ని బతికించిన మనిషి. నాకు రాదు అనే రెండు మాటలు ఆయన నోట రాలేదు, అంతే. ఆయనను అంత దేవుణ్ణి చేసి కూర్చోబెట్టినవాళ్ళలో ఒక్కరూ ఆయన నుంచి ఆ మాట రానివ్వలేదు కూడా.

ఈరన్నకు మాత్రం ఆయన మీద కోపం లేదు. నేను చేతిని పట్టుకుని మెల్లగా తిప్పుతుంటే ఒకరోజు అన్నాడు, "సారు మంచోడే మేడమ్మా. నా రాత బాగలేదు, ఆయప్ప ఏం చేస్తాడు?"

నాకు చెయ్యి వదిలేసి లేచిపోవాలనిపించింది. లేవలేదు. రిటైరయ్యేదాకా ఆ చెయ్యి తిప్పుతూనే ఉన్నాను. అది మళ్ళీ పానా పట్టలేదు. ఈరన్న ఇప్పుడు ఒక విత్తనాల గోడౌను దగ్గర కాపలా ఉంటాడు. బోర్ల పని వాళ్ళు ఆ దారిన పోతుంటే లోపలికి పోయి కూర్చుంటాడని సుంకమ్మ చెప్పింది.

కొత్తవాళ్ళకు

ఇంక మీకు చెప్పాల్సినవి. చెయ్యి తిమ్మిరని వచ్చిన ప్రతివాడికీ మెడపట్టీ కట్టి పంపకండి. చెయ్యి పైకెత్తించి చూడండి, బొటనవేలి కండ చూడండి, ఏ పని చేస్తాడో అడగండి. మనవైపు బరువంతా భుజం మీదా తల మీదా మోసే జనమే. కత్తి లేకుండా బాగయ్యేవాళ్ళకు ఓపిక నేర్పండి. కత్తి కావాల్సినవాడిని మాత్రం వ్యాయామాల పేరుతో మీ దగ్గరే ఆపుకోకండి.

సర్జను దగ్గరికి పంపేటప్పుడు, ఇదే ఆపరేషను, ఇంకోటి కాదు, ఇదే, ఎన్నిసార్లు చేశారని అడగండి. చేయనవసరం లేదని ఎవరినైనా వెనక్కి పంపారా అని అడగండి. బాగుకానివాళ్ళ సంగతి చెప్పమనండి. ఏదైనా అడ్డం తిరిగితే రక్తనాళం కుట్టేవాళ్ళు పక్కనే ఉంటారా అని అడగండి. విసుక్కునేవాడి దగ్గర లేచి వచ్చేయండి. అన్నీ ఓపిగ్గా చెప్పినవాళ్ళ దగ్గర ఆగండి. ఆ తర్వాత అసలు పని ఉంటుంది. ఆ డాక్టరు చెప్పిన భయాలను రోగి ఇంటిదాకా పోయి, పొయ్యి దగ్గర కూర్చుని, ఆ ఇంటివాళ్ళందరికీ విడమరిచి చెప్పాలి. తిరుగు రైల్లో తల ఊపితే ఒప్పుకున్నట్టు కాదు.

ఇవన్నీ రాస్తున్నాను గానీ, ఎవరైనా అడుగుతారన్న నమ్మకం నాకు లేదు. మీరు అడిగినా మీ రోగి మీ కొంగు లాగి కూర్చోబెడతాడు. ఎందుకలా అంటున్నానో ఈ చివరి సంగతి చదివితే తెలుస్తుంది.

సుంకమ్మ కడుపునొప్పి

నేను రిటైరయ్యాక ఒక పొద్దున ఈరన్న, సుంకమ్మ మా ఇంటికి వచ్చారు. సుంకమ్మకు కడుపులో రాళ్ళు, పిత్తాశయం తీసేయాలన్నారట. ఎక్కడికి పోవాలో అడగడానికి వచ్చారనుకుని నాలుగు పేర్లు మనసులో అనుకుంటున్నాను.

"మన సారు దగ్గర్నే మేడమ్మా. సోమవారం రమ్మన్న్యాడు," అన్నాడు ఈరన్న. "మీరొక మాట ఫోన్లో చెప్తే ఇంకా బాగా చూస్తాడని వచ్చినాము."

నేను అతని చెయ్యి వైపు చూశాను. అది ఒళ్ళో పడి ఉంది. "ఈరన్నా, నీకు బుద్ధుందా?" అన్నాను. నిజంగా అలాగే అన్నాను.

"అట్లనద్దు మేడమ్మా," అంది సుంకమ్మ, నా చెయ్యి పట్టుకుని. "ఆపరేషనుకు పొయ్యేటప్పుడు చెడ్డమాట వద్దు. మా నాయన్ను బతికిచ్చిన సారు."

నాకు తిక్క రేగింది. వాళ్ళ ముందే ఆయనకు ఫోను చేసి స్పీకరు పెట్టాను. నమస్కారం కూడా చెప్పకుండా అడిగాను. "సార్, సుంకమ్మకు చేయబోయే ఈ ఆపరేషను మీరు ఎన్ని చేశారు?"

ఈరన్న ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు, ఫోనులోంచి ఆయనకు కనిపిస్తాడేమో అన్నట్టు.

సర్జను నిదానంగా అన్నాడు, "ఇది దినామూ చేసేదేనమ్మా. లెక్క పెట్టుకోలేదు, వేలల్లోనే ఉంటాయి. దీంట్లో నా చేతికి భయం లేదు." ఇంకో మాట కూడా అన్నాడు. "ఈరన్నకు చేసిన పొద్దు ఎవరన్నా నన్ను ఇట్ల అడిగింటే తిట్టేవాణ్ణి. తిట్టి, చెయ్యకుండా వదిలిపెట్టేవాణ్ణి."

ఫోను పెట్టేశాక నేను ఈరన్న ముఖం చూశాను. ఆ మాట అతనికి తగిలి ఉంటుందని, ఏడుస్తాడని, కనీసం నన్నేదైనా అడుగుతాడని అనుకున్నాను. అతనికి ఆ మాటే వినబడినట్టు లేదు. "పెద్దాయన్ను పట్టుకుని అట్ల అడగచ్చునా మేడమ్మా?" అన్నాడు. కాఫీ తాగకుండానే లేచి పోయారు.

సుంకమ్మ ఆపరేషను బాగానే జరిగింది. జరుగుతుందని నాకు తెలుసు, అది ఆయన పనే. సంగతి తెలిపింది ఆ సర్జనే, స్వయంగా ఫోను చేశాడు. ఆమె బాగుందని చెప్పాక కూడా ఫోను పెట్టలేదు. ఏం సార్ అన్నాను.

నేను ఫోను చేసిన మర్నాడే ఈరన్న పండ్ల సంచితో ఆయన దగ్గరికి పోయాడట. మేడం తెలీక అడిగింది, మనసులో పెట్టుకోవద్దు సార్ అని నా తరఫున తను క్షమించమన్నాడట. కుడి చెయ్యి లేవదు కాబట్టి సంచి ఎడమ చేత్తోనే ముందుకు పెట్టాడు. పెట్టి, తల వంచి, "ఎడమ చేత్తో ఇస్తాండా, తప్పుగా అనుకోవద్దు సార్," అని దానికి కూడా క్షమించమన్నాడట.